చూడలేదని రాసే మనిషి

బెంగళూరులో ఆ సభ జరిగిన హాల్లో ఏసీ చలికి పత్రికలవాళ్ళం చేతులు కట్టుకొని కూర్చున్నాం. రాష్ట్రంలోని మునిసిపాలిటీలు, పట్టణ పంచాయతీల వెబ్‌సైట్లలో మంచివాటిని ఎంచి పురస్కారాలు ఇచ్చే సభ అది. చిన్న పట్టణాల్లో మొదటి పేరు మా కోలారు జిల్లాలోని ఒక ఊరిది. ఆ ఊరి ముఖ్యాధికారి వేదికెక్కి ఫలకం అందుకొని మైకు ముందుకు వచ్చాడు. మూడో వరసలో కూర్చున్న ఒక మనిషిని లేచి నిలబడమన్నాడు.

"ఈ వెబ్‌సైటు మొత్తం ఈయన చేతి పని. ఇట్లాంటి మనిషిని ఎవరైనా వదులుకుంటారా? నేను ఆ కుర్చీలో ఉన్నంతవరకు ఈయన్ని ఎక్కడికీ పోనివ్వను" అన్నాడు కన్నడంలో.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన లేచి చేతులు జోడించి కూర్చున్నాడు. కూర్చున్నాక రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకొని ముందున్న కుర్చీ వీపును చూస్తూ ఉండిపోయాడు. ఆయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉందని ఆయన కాక హాల్లో ఇంకిద్దరికే తెలుసు. ముఖ్యాధికారికి, నాకు. కేజీఎఫ్‌లో వేరే శాఖ ఆఫీసులో ఒక మెట్టు పై ఉద్యోగంలో చేరమని వచ్చిన ఉత్తర్వు అది. గడువు ఇంకా ఐదు రోజులు. చేరాలంటే ఉన్న ఆఫీసు నుంచి, ఈయన్ని ఇక్కడి పనినుంచి విడుదల చేశాం అని ఒక ఉత్తరం కావాలి. రిలీవింగ్ లెటర్ అంటారు. అది ఆ సాయంత్రమే చేతికిస్తానని ముఖ్యాధికారి నా ఎదుటే మాట ఇచ్చి ఉన్నాడు.

ఆ మనిషి పోయిన నెల చనిపోయాడు. జిల్లా విలేకరిగా నా చేతిమీదుగా వేల మరణవార్తలు పోయాయి. నాలుగు వాక్యాల్లో ముగించడం నాకు వచ్చిన పని. ఈయన గురించి నాలుగు వాక్యాలు రాసి పంపాను కూడా. అచ్చయ్యాక చూస్తే అందులో ఆయన లేడు. ఒక గుమాస్తా ఉన్నాడు.

ఆయన పనిచేసిన ఊరి పేరు రాయను. ఆయన ఇల్లు మాత్రం కేజీఎఫ్‌లో, పాత బంగారు గని కార్మికులకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో. రేకుల కప్పు, ఒక గది, వంటిల్లు. వాళ్ళ నాన్న గనిలో టైం ఆఫీసు గుమాస్తా. గని మూతపడేనాటికి ఈయనకు పెళ్ళి కూడా కాలేదు. తర్వాత పరీక్ష రాసి ఈ పట్టణ పంచాయతీలో చేరాడు. రోజూ పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలి, రైల్లో బంగారుపేటకు, అక్కడినుంచి బస్సులో ఆఫీసుకు. అట్లాగే వెనక్కి.

నాకు ఆయన మొదట పరిచయమైంది తప్పు దిద్దడానికి వచ్చినప్పుడు. ఆ ఊళ్ళో మూడో వార్డుకు నాలుగు రోజులుగా నీళ్ళు లేవని నేనొక చిన్న వార్త రాశాను. రెండో రోజు కోలారులోని మా ఆఫీసుకు వచ్చాడు. సన్నగా, చొక్కా చేతులు మణికట్టు దాకా దించి, కుడి చేతి అంచు తడిగా. ఆ తడి అప్పుడు నాకు అర్థం కాలేదు.

"అన్నా, నాలుగు దినాలని రాసినారు. పైవీధిలో నాలుగే. కిందవీధిలో మూడు. నేను చూసినాను."

"దిద్దితే మీ ఆఫీసుకు మంచి పేరొస్తుందనా?"

"పేరు సంగతి నాకు తెలీదన్నా. కిందవీధోళ్ళు పేపరు చూసి నవ్వుతా ఉండారు."

దిద్దాను. నెల తిరక్కముందే మళ్ళీ వచ్చాడు. ఈసారి, రెండు వీధుల్లో దీపాలు వెలగడం లేదని రాసినందుకు.

"మూడుండాయి అన్నా. మసీదు వెనకది మీరు ఇడిచిపెట్టినారు."

"ఏమప్పా, నువ్వు ఆఫీసు మనిషివా, నా మనిషివా?"

"కొళాయి మనిషినన్నా" అన్నాడు నవ్వకుండా.

అది నిజమే. బస్సు దిగి ఆఫీసుకు నడిచే దారిని ఆయన రోజుకొక వార్డు మీదుగా మార్చుకునేవాడు. కొళాయి తిప్పి కింద చెయ్యి పెట్టేవాడు. తడిస్తే నీళ్ళు వచ్చినట్టు. మిగతా వార్డులకు మధ్యాహ్నం తిండి విరామంలో ఆఫీసు సైకిలు. దీపం ఫిర్యాదయితే సాయంత్రం బస్సు వదులుకొని అది వెలిగేదాకా స్తంభం కింద నిలబడేవాడు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఆయన్ని చూసి, "అదో, చెయ్యి తడిపేటాయన వచ్చినాడు, మీ బిందెలు తీయండమ్మా" అని ఆటపట్టించేవాళ్ళు.

చూసిందంతా వెబ్‌సైటులో పెట్టేవాడు. అన్ని ఊళ్ళ వెబ్‌సైట్లలాగే అందులోనూ మంత్రుల ఫోటోలు, ఊరి చరిత్ర, టెండర్లు ఉండేవి. వాటిని ఎవరూ చూసేవాళ్ళు కాదు. జనం చూసింది రెండే పేజీలు. ఒకటి ఈనాటి నీళ్ళు. రెండోది ఫిర్యాదులు. మిగతా ఆఫీసులన్నీ ఏ ఫిర్యాదుకైనా 'పరిష్కరించబడింది' అని రాసి ఊరుకుంటాయి. ఈయన మూడు మాటలే పెట్టుకున్నాడు. కన్నడంలో బంతు, బందిల్ల, నోడిల్ల. అంటే వచ్చింది, రాలేదు, చూడలేదు. మధ్యాహ్నం మూడు లోపల తాను ఏదీ ఎక్కించకపోతే ఆ వార్డుకెదురుగా 'చూడలేదు' అని దానంతటదే పడేట్టు అమర్చాడు. ప్రభుత్వం తాను చూడలేదని ఒప్పుకోవడం నా ఉద్యోగ జీవితంలో అక్కడే చదివాను.

నీళ్ళ పేజీలో నీళ్ళు ఎప్పుడొచ్చాయో గంటల్లో ఉండేది కాదు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని మూడు గడులు. గని లైన్లలో పుట్టినవాళ్ళకు రోజంటే అదే. ఇప్పుడు మా జిల్లాలోని వేమగల్, నరసాపురం ఫ్యాక్టరీ బస్సులు ఎక్కేవాళ్ళకూ అదే. బెంగళూరు నుంచి ఒక అధికారి ఫోను చేసి, మీ నీళ్ళు వదిలే సిబ్బందికి మూడు షిఫ్టులున్నాయా, బాగుందే అని మెచ్చుకున్నాడట. ఈయన ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు.

ఈ పట్టుదల ఎక్కడిదని ఒకసారి అడిగాను. తాళాల గుత్తి తీసి చూపించాడు. దానికి ఒక ఇత్తడి బిళ్ళ. గనిలోకి దిగేవాడు టైం ఆఫీసులో మేకునుంచి తన నంబరు బిళ్ళ తీసుకొని దిగుతాడు, పైకొచ్చి తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు.

"మా నాయన ఒక్క మేకు ఖాళీగా ఉన్నా అన్నం తినేటోడు కాదన్నా. పక్కోడు 'వచ్చేసినాడు, నేను చూసినా' అన్నా నమ్మేటోడు కాదు. బిళ్ళ రావాల్సిందే."

ఆ బిళ్ళ ఎవరిదని అడిగితే, "నాయనదే. ఆయన కిందికి దిగిందే లేదు. అయినా ఆయనకూ ఒకటిచ్చినారు" అన్నాడు.

ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారమే ఎందుకంటే ఆ ఇంట్లో భార్యాభర్తలు కలిసి కనిపించేది ఆ రోజే. ఆమె నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో వైర్లు బిగించే పని చేస్తుంది. ఎప్పుడూ రెండో షిఫ్టు. మధ్యాహ్నం కంపెనీ బస్సెక్కితే తిరిగి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. పొద్దున ఆయన లేచి పోయేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. పిల్లలు లేరు. వంటింటి గోడకు బడిలో ఉండేలాంటి నల్లబల్ల తగిలించుకున్నారు. 'పాలు కాచినాను.' 'గ్యాసుకు చెప్పు.' 'పప్పులో ఉప్పు ఎక్కువ, పెరుగేసుకో.' దాని కింద ఇంకో చేతిరాత: 'వేసుకున్నాను.'

"చూడండన్నా, మా ఇంటి వెబ్‌సైటు" అంది ఆమె. "దీన్ని కూడా ఈయనే చూసుకుంటాడు. నేను పెట్టే దూర్లకు మాత్రం జవాబుండదు." మా వైపు కన్నడం కలిసిన తెలుగులో ఫిర్యాదును దూరు అంటాం.

"ఏం దూరమ్మా?"

"ఇంట్లో మనిషి కనపడలేదని."

ఆయన తలొంచుకొని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉన్నాడు. బల్ల మూలన చిన్న అక్షరాలతో, ఎవరూ చెరపకుండా చుట్టూ గీత గీసి, వెబ్‌సైటు పాస్‌వర్డు రాసుకున్నాడు. ఆఫీసులో ఇంకెవరికీ అది తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆ వెబ్‌సైటు గురించి నేనొక పెద్ద వ్యాసం రాశాను. ఆదివారం సంచికలో ఫోటోతో వచ్చింది. ముఖ్యాధికారి ఆ వ్యాసాన్ని పురస్కారం దరఖాస్తుకు జతచేసి పంపాడు. అంతవరకు ఆ ఆఫీసులో ఈయన ఉన్నాడని ఆయనకు గట్టిగా తెలియదు. ఇది నేను రాయక తప్పదు. ఈయన్ని నలుగురి కళ్ళలో పడేసింది నేను.

అదే రోజుల్లో ఈయన వేరే శాఖకు రాసిన పోటీ పరీక్ష ఫలితం వచ్చింది. కేజీఎఫ్‌లో ఉద్యోగం, ఇంటికి నడిచి పోయేంత దూరం. నాకు ఫోను చేసి చెప్పాడు. జీతం మాట, హోదా మాట ఎత్తలేదు.

"పొద్దున పదిదాకా ఇంట్లోనే ఉంటానన్నా. ఆమె నిదానంగా లేస్తాది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చొని ఒక ముద్ద సంగటి తింటాం. పెండ్లయి పదకొండేండ్లు. పనిదినం నాడు అట్ల తిన్నది లేదు."

రిలీవింగ్ లెటర్ అడిగితే ముఖ్యాధికారి, ముందు పోటీ న్యాయనిర్ణేతలు తనిఖీకి వచ్చి పోనీ అన్నాడు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అప్పుడు ఈయన ఊళ్ళో ఎవరైనా చేసే పనే చేశాడు. తన వెబ్‌సైటులోనే ఫిర్యాదు పెట్టాడు. 'వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగికి రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు.' దానికెదురుగా తనే, మూడు మాటల్లో సరిపోయేది పెట్టాడు. రాలేదు.

తనిఖీకి రెండు రోజుల ముందు నేను ముఖ్యాధికారి గదిలో ఉన్నాను. నెల దాటిన ఫిర్యాదు ఒక్కటి మూయకుండా ఉన్నా పోటీలోంచి తీసేస్తారని నియమం. ఆ ఊరి ఫిర్యాదుల్లో నెల నిండబోతున్నది ఒక్కటే. ఈయన్ని పిలిపించారు.

"ఏమప్పా, మన పరువు మనమే తీసుకుంటామా? ఆ ఒక్కటీ మూసేయ్" అన్నాడు ముఖ్యాధికారి. ఆయనది ముళబాగిలు దగ్గర పల్లె, మన తెలుగే.

"ఉత్తరం వస్తే మూసేస్తాను సార్."

"వస్తాది. ప్రైజు తీసుకున్న సాయంత్రమే నీ చేతిలో పెడతా. పేపరాయన ముందరే చెప్తా ఉండాను కదా."

"రాసిస్తారా సార్?"

గదిలో ఉన్న ఇంజనీరు, గుమాస్తాలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

"నా మాటమీద నమ్మకం లేదా నీకు?"

"నమ్మకం ఉండాది సార్. చూడలేదు, అంతే."

ముఖ్యాధికారి ముఖం మారింది. నవ్వులు ఆగాయి. "ఇంగ నీ ఇష్టం. ఆ దూరు అట్లే ఉంటే ప్రైజూ రాదు, నీ ఉత్తరమూ రాదు" అన్నాడు. ఈయన బయటికి వెళ్ళి ఆఫీసు పెరట్లో కొళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. కొళాయి తిప్పలేదు. తర్వాత లోపలికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చొని, 'రాలేదు' తీసి 'వచ్చింది' అని పెట్టాడు.

తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది, కాలేజీలో చదువు చెప్పి రిటైరైనావిడ. ఆవిడ నిజంగా చూసింది. కాగితాలు పక్కన పెట్టి, రెండు వార్డులు నడిచి, ఈయన చేసినట్టే కొళాయి కింద చెయ్యి పెట్టింది. చూడలేదు అని రాస్తే ఆఫీసుకు చిన్నతనం కాదా అని అడిగింది.

"చూడకుండానే వచ్చిందని రాస్తే, బిందె పట్టుకొని ఎండలో నిలబడేది నేను కాదు కదమ్మా" అన్నాడు.

ఆవిడ దాన్ని తన పుస్తకంలో రాసుకుంది. ఆ క్షణాన ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. తన పనిని ఒకరు ఇంత దగ్గరగా వచ్చి చూడటం ఆయనకు అదే మొదలు. తర్వాత ఆవిడ ఫిర్యాదుల పేజీ కిందిదాకా చదువుతూ ఒకచోట ఆగింది.

"ఇది మీదే కదా. లెటర్ వచ్చిందా?"

ఈయన ముఖ్యాధికారి వైపు చూశాడు. ముఖ్యాధికారి గోడ గడియారాన్ని చూస్తున్నాడు.

"వచ్చిందమ్మా" అన్నాడు.

"అభినందనలు. మీరు పోయాక ఇది ఎవరు చూసుకుంటారు?"

"అన్నీ ఏర్పాటు చేసినాం మేడం" అని ముఖ్యాధికారి అందుకున్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట తప్పని చెప్పగలిగిన మూడో మనిషిని నేనే. ప్రైజు తీసుకున్న సాయంత్రం ఉత్తరం వచ్చేస్తుందిగదా, పోనీలే అనుకున్నాను.

పురస్కారం సభ అయ్యాక హాలు బయట, వరసగా నిలబెట్టిన కార్ల మధ్య, ఈయన ముఖ్యాధికారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ముఖ్యాధికారి ఆయన భుజంమీద చెయ్యి వేశాడు. ముఖ్యాధికారి కళ్ళలో అబద్ధం లేదు, సంతోషమే ఉంది. అది ఇంకా కష్టం.

"ఇప్పుడెట్లప్పా నిన్ను పంపేది? అన్ని ఊళ్ళవాళ్ళకూ నువ్వే నేర్పాలంట. పైనుంచి ఇప్పుడే చెప్పినారు. నీకెంత పేరు!"

"లెటర్ సార్."

"రెండేండ్లు పోనీ. నేనే ఇస్తా."

గడువులో చివరిదైన ఐదో రోజు సాయంత్రం ఆయన నాకు ఫోను చేశాడు. "అన్నా, ఆఫీసు టైం అయిపాయ" అన్నాడు. అంతే. పెట్టేశాడు. మరునాడు పొద్దున ఫిర్యాదుల పేజీ తెరిస్తే, 'వచ్చింది' పోయి మళ్ళీ 'రాలేదు' అని ఉంది. ఆఫీసులో ఎవరూ గమనించలేదు. ఫలకాన్ని వచ్చినవాళ్ళకు చూపిస్తున్నారు. పేజీని ఎవరూ తెరవలేదు.

వార్త రాయనా అని అడిగాను. వద్దన్నాడు. "రాస్తే, రాని లెటర్‌ని నేను వచ్చిందని పెట్టింది కూడా రాయాల కదన్నా. అది రాయకుంటే మీ వార్త తప్పు. రాస్తే నా పని తప్పు." నేను అంత తేలిగ్గా ఊరుకోకుండా ఉండాల్సింది.

తర్వాత వాళ్ళింటికి వెళితే ఆమె సర్టిఫికెట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "యాడ తగిలించేది చెప్పండన్నా దీన్ని? తిట్టి కట్టేసింటే తెంచుకొని వచ్చుండునేమో ఈయన. మెచ్చుకొని కట్టేసినారు." ఆయన లేచి, సర్టిఫికెట్టు తీసుకొని, బీరువా పైన బోర్లా పెట్టాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు. అదే రైలు, అదే బస్సు, అవే కొళాయిలు. వేరే ఊళ్ళనుంచి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. కోలారు పక్కన తమకలో ఒక టీ బంకు దగ్గర ఒకసారి కనిపిస్తే, ఎంతమంది నేర్చుకున్నారని అడిగాను. "అందరూ బాగా నేర్చినారన్నా. మూడు మాటల్లో రెండే తీసుకున్నారు" అన్నాడు. మళ్ళీ పరీక్ష రాయలేదా అంటే, వయసు హద్దు దాటిపోయిందన్నాడు. ముఖ్యాధికారి ఈలోగా బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆయన్ని రిలీవ్ చేయడానికి ఒక రోజు పట్టింది.

పోయిన నెల, బంగారుపేట స్టేషనులో సాయంత్రం రైలు కోసం బెంచీమీద కూర్చున్నాడు. రైలు వచ్చింది. ఆయన లేవలేదు. నిద్రపోతున్నాడనుకొని రోజూ చూసేవాళ్ళు ఇద్దరు భుజం తట్టారట. గుండె అని డాక్టర్లు చెప్పారు. కబురందేసరికి ఆమె ఫ్యాక్టరీ లైనులో ఉంది.

పదిహేను రోజుల తర్వాత వెళ్ళాను. నల్లబల్ల అట్లాగే ఉంది. ఆ రోజు పొద్దున ఆయన రాసింది: 'వంకాయలు తెచ్చినాను.' కింద ఆమె రాయాల్సిన చోటు ఖాళీ. మూలన గీత మధ్య పాస్‌వర్డు.

"ఆఫీసునుంచి ఫోను చేసినారన్నా" అంది. "మళ్ళీ పోటీ వస్తా ఉండాదంట. పాస్‌వర్డు రాసిపెట్టి పోయినాడా అమ్మా అని అడిగినారు."

"ఇచ్చినావా?"

"లెటర్ తీసుకొని రండి, ఇస్తానంటి."

"ఏమన్నారు?"

"ఏం లెటరమ్మా అన్నారు."

ఇప్పుడున్న ముఖ్యాధికారిని కలిశాను. చెడ్డవాడు కాదు. పాస్‌వర్డు మార్చమని బెంగళూరుకు రాశాం సార్ అని ఫైలు చూపించాడు. జవాబు కూడా అందులోనే ఉంది. వెబ్‌సైటు బాధ్యత కొత్తవారి పేరుకు మార్చాలంటే పాతవారి రిలీవింగ్ లెటర్ నకలు జతపరచాలి. చనిపోయినవాళ్ళను రిలీవ్ చేయడానికి నియమం లేదని ఈ కొత్త ముఖ్యాధికారి, మరణధ్రువపత్రం జతచేస్తే సరిపోతుందా అని అడిగి రాశాడు. దానికి జవాబు రాలేదు.

ఈ సాయంత్రం ఆ వెబ్‌సైటు తెరిచాను. పైన పురస్కారం ఫోటో. నీళ్ళ పేజీలో ఈనాటి తేదీ, అన్ని వార్డులకూ ఎదురుగా ఒకే మాట: చూడలేదు. ఫిర్యాదుల పేజీలో అన్నిటికంటే పాతది ఇంకా మూయలేదు.